అయిదు డాలర్ల కూలి: హెన్రీ ఫోర్డు జీవితం

కామర్సు తరగతిలో హెన్రీ ఫోర్డు పేరు వినపడితే అది మాస్ ప్రొడక్షన్ గురించి. ఎకనమిక్సు వారు ఎక్కువ కూలి ఇచ్చి, ఎక్కువ లాభం తీసిన యజమానిగా ఆయన్ని చెబుతారు. సోషియాలజీలో ‘ఫోర్డిజం’ అని ఆయన పేరు మీద ఒక సిద్ధాంతమే నడుస్తోంది. మెకానికల్ కుర్రాళ్ళకు ఆయన మోడల్-టి కారు సృష్టికర్త. చరిత్ర శాఖ మెట్లెక్కితే మాత్రం అదే పెద్దమనిషి యూదుల మీద ఏళ్ళ తరబడి విషం కక్కిన పత్రికాధిపతి. ఇంతమంది చెప్పే ఫోర్డు ఒక్కడేనా అని అనుమానం రావడం సహజం. ఒక్కడే. ఆ ఒక్కడిలో ఇవన్నీ ఎలా ఇమిడాయో చూడాలంటే మొదటినుంచీ రావాలి.

1863 జూలై 30వ తేదీన, అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్న రోజుల్లో, మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు చేరువనున్న డియర్‌బార్న్ ప్రాంతంలో ఒక రైతు ఇంట హెన్రీ ఫోర్డు పుట్టాడు. తండ్రి విలియం 1847లో, ఐర్లండు దేశం బంగాళాదుంపల కరువుతో అల్లాడుతున్న కాలంలో, సముద్రం దాటి వచ్చినవాడు. చెమటోడ్చి పొలం సంపాదించుకున్నాడు. పెద్దకొడుకు ఆ పొలం చూసుకుంటాడని ఆయన ఆశ. కొడుక్కి పశువుల చాకిరీ, గడ్డిమోపులు గిట్టవు. ఇరుగుపొరుగు గడియారాలు తెచ్చి ఊడదీయడం, మళ్ళీ బిగించడం, ఇదే వాడి లోకం. 1876లో తల్లి మేరీ పురుడు వచ్చి చనిపోయింది. హెన్రీకి ఇంకా పదమూడు నిండలేదు. అదే ఏడాది తండ్రితో బండిలో డెట్రాయిట్ దారిన పోతుంటే గుర్రాలు లేకుండా తనంత తాను రోడ్డు మీద కదిలి వస్తున్న ఆవిరి యంత్రం ఒకటి ఎదురైంది. బండి దిగి, ఆ యంత్రం నడిపేవాణ్ణి పట్టుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ముసలితనంలో కూడా ఆ రోజు సంగతి నిన్న జరిగినట్టు చెప్పేవాడట.

1879లో, పదహారో ఏట, డెట్రాయిట్ చేరి మెషిన్ షాపులో అప్రెంటిసుగా కుదిరాడు. వారానికి రెండున్నర డాలర్లు ఇస్తారు. బసకూ భోజనానికీ అయ్యే ఖర్చేమో మూడున్నర! ఆ లోటు పూడ్చడానికి రాత్రిళ్ళు ఒక నగల దుకాణంలో గడియారాలు బాగుచేసేవాడు. అప్పుడే ఒక లెక్క వేశాడట. రోజుకు రెండువేల చొప్పున గడియారాలు తయారుచేయగలిగితే ఒక్కొక్కటి ముప్పై సెంట్లకే గిట్టుతుంది. అయితే ఏడాదికి ఆరు లక్షల గడియారాలు కొనేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్క ఊరుకున్నాడు. ఈ సంగతి పెద్దవాడయ్యాక తానే చెప్పుకున్నాడు. వస్తువు మారింది గాని ఆ లెక్క మాత్రం ఆయన బుర్రలోంచి ఎన్నడూ పోలేదు.

1888లో క్లారా బ్రయంట్‌ను పెళ్ళాడాడు. కొడుకు రైతుగా స్థిరపడితే చాలని తండ్రి కొంత అడవి భూమి ఇచ్చాడు. ఫోర్డు అందులో చెట్లు కోసి, కలప అమ్ముకుని, కలప అయిపోగానే 1891లో భార్యను వెంటబెట్టుకుని మళ్ళీ డెట్రాయిట్‌లో దిగాడు. ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం. 1893 నవంబరులో ఏకైక సంతానం ఎడ్సెల్ పుట్టాడు. ఆ డిసెంబరులో, క్రిస్మస్ ముందురోజు రాత్రి, పండుగ వంటపనిలో ఉన్న క్లారా దగ్గరికి ఇనపగొట్టంతో చేసిన చిన్న ఇంజను ఒకటి పట్టుకొచ్చి వంటింటి తొట్టికి బిగించాడు. పక్కగదిలో నెలల బిడ్డ నిద్రపోతున్నాడు. వంట పక్కనపెట్టి ఆ తల్లి తన చేత్తో పెట్రోలు చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, ఇంటి దీపపు కరెంటుతో నిప్పురవ్వ పుట్టించి ఫోర్డు చక్రం తిప్పాడు. ఇంజను దడదడలాడుతూ తిరిగింది. ఇల్లంతా పొగ. మోటారు కారు చరిత్ర రాసేవాళ్ళు క్లారా పేరు ఒక వాక్యంతో సరిపెడతారు గాని, ఆ రాత్రి ఆమె విసుక్కుని ఉంటే ఏమయ్యేదో!

పట్టాలెక్కని ఆ కల మరి రెండున్నరేళ్ళకు బండి రూపం ధరించింది. 1896 జూన్ 4వ తేదీ తెల్లవారుజామున, బాగ్లీ వీధిలోని అద్దె ఇంటి వెనక కొట్టంలో, నాలుగు సైకిలు చక్రాల బండి సిద్ధమైంది. తీరా బయటకు తోద్దామంటే కొట్టం తలుపు ఇరుకు. కారు పట్టే తలుపు ఉందో లేదో ముందుగా చూసుకోలేదు మహానుభావుడు! గొడ్డలి తెచ్చి ఇటుక గోడ పగలగొట్టి బండిని వీధిలోకి తెచ్చాడు. ముందు ఒక స్నేహితుడు సైకిలు మీద దారి చూపుతుంటే డెట్రాయిట్ వీధుల్లో తిరిగాడు. ఆ బండికి వెనక్కి నడిచే గేరు లేదు. అదే ఏడాది ఒక సమావేశంలో థామస్ ఎడిసన్‌ను కలిసే అవకాశం వచ్చింది. అందరూ విద్యుత్ బండ్ల గురించి మాట్లాడుతుండగా, పెట్రోలు బండే దారి అని ఎడిసన్ అంతటివాడు బల్ల గుద్ది ప్రోత్సహించాడు. జీవితాంతం ఫోర్డు ఆయనకు శిష్యుడిగానే ఉండిపోయాడు.

ఆ తర్వాత వెంటనే కోటీశ్వరుడయ్యాడనుకుంటే పొరపాటు. 1899లో పెట్టిన మొదటి కంపెనీ 1901 జనవరికల్లా మూతపడింది. అదే సంవత్సరం అక్టోబరులో అలెగ్జాండర్ వింటన్ అనే పేరుమోసిన కార్ల తయారీదారును పందెంలో ఓడించాడు. ఆ గెలుపు చూసి డబ్బుగలవాళ్ళు పెట్టిన రెండో కంపెనీ నుంచి 1902లో తానే బయటపడ్డాడు. ఆయన వదిలిన ఆ కంపెనీయే తర్వాత ‘కాడిలాక్’ అయింది. మూడోసారి, 1903 జూన్ 16న, పన్నెండుమంది వాటాదారులతో, చేతికొచ్చిన 28,000 డాలర్ల రొక్కంతో ఫోర్డ్ మోటార్ కంపెనీ రిజిస్టరయింది. వాటాదారుల్లో ఒక బొగ్గు వ్యాపారి, ఇంజన్లు చేసిపెట్టే డాడ్జ్ సోదరులు, లెక్కలు చూసే జేమ్స్ కజిన్స్ ఉన్నారు. జూలైలో బ్యాంకులో నిల్వ 223 డాలర్లకు దిగిపోయిన తరుణంలో చికాగోలో ఒక దంతవైద్యుడు మొదటి కారుకు డబ్బు కట్టాడు. కంపెనీ బతికింది.

ఇక్కడొక తగాదా వచ్చింది. బొగ్గు వ్యాపారి మాల్కంసన్‌కు ఖరీదైన కార్లు చేసి, ధనవంతులకమ్మి, ఒక్కో కారు మీద ఎక్కువ లాభం తీయాలని ఉంది. అప్పటికి అందరూ చేస్తున్నది అదే. ఫోర్డు మాత్రం ఒకే రకం కారు, చవగ్గా, వేలకొద్దీ చేద్దామన్నాడు. పాత గడియారాల లెక్క మళ్ళీ తలెత్తిందన్నమాట. 1906లో మాల్కంసన్ వాటా అమ్ముకుని తప్పుకున్నాడు. 1908 అక్టోబరు 1న మోడల్-టి వచ్చింది.

ఈ కారు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. నాలుగు సిలిండర్లు, ఇరవై గుర్రాల శక్తి. వెనేడియం కలిపిన ఉక్కు వాడటం వల్ల తేలిక, గట్టిదనం రెండూ కుదిరాయి. నేలకు బాగా ఎత్తున నిలబడేది. అప్పటి అమెరికా పల్లెదారులు మన డొంకలకు తీసిపోవు. వాన పడితే మోకాటి లోతు బురద. ఆ బురదలో ఖరీదైన కార్లు కూరుకుపోతే మోడల్-టి ఎగురుకుంటూ పోయేది. చెడిపోతే రైతు తానే సుత్తి, పానా పట్టుకుని బాగుచేసుకునేవాడు. వెనక చక్రం పైకెత్తి, బెల్టు తగిలించి కట్టెలు కోశారు, గింజలు విసిరారు, నీళ్ళు తోడారు. పొద్దున్నే చేత్తో తిప్పి స్టార్టు చేయబోతే హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగినవాళ్ళూ ఉన్నారు. జనం ముద్దుగా ‘టిన్ లిజ్జీ’ అన్నారు. దాని మీద పుట్టిన జోకులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. 1914 నుంచి 1925 వరకు నలుపు తప్ప మరో రంగు లేదు. అదేదో యజమాని ఛాందసం అని చెప్పుకుంటారు గాని, ఒకే రంగు అయితే పని చవగ్గా, వేగంగా సాగుతుందన్నదే అసలు సంగతి.

ఇంత గిరాకీకి పాత పద్ధతిలో కార్లు బిగిస్తే ఎప్పటికి తీరేను? హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో 1913లో పని తీరునే తిరగేశారు. అంతకుముందు కారు ఒకచోట నిలిచి ఉండేది, మనుషులు చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు మనిషి నిలబడ్డాడు, కారు కదిలింది. చికాగో కబేళాల్లో వేలాడదీసిన కళేబరం ఒక్కొక్కరి ముందుకు జరుగుతూ ముక్కముక్కలైపోవడం ఫోర్డు మనుషుల్లో ఒకడు చూసి వచ్చాడు. ఆ పద్ధతినే తలకిందులు చేసి, ముక్కముక్కను కలుపుతూ కారును నిలబెట్టారు. ఈ ఘనత మొత్తం ఫోర్డు ఖాతాలో వేయడం న్యాయం కాదు. సోరెన్సెన్, ఏవరీ, విల్స్ వంటి సహచరులు నెలల తరబడి స్టాప్‌వాచీలు పట్టుకుని కుస్తీపడ్డారు. ఒక ఛాసిస్ బిగించడానికి సుమారు పన్నెండున్నర గంటలు పట్టేది. 1914లో అది గంటా ముప్పైమూడు నిమిషాలకు దిగింది.

మరి ఆ లైనులో నిలబడ్డవాడి సంగతి? రోజంతా ఒకటే బోల్టు. వాడు మెకానిక్కు కాదు, పనివాడు కాదు, బోల్టు బిగించే చెయ్యి మాత్రమే. ఆ బాధ పడలేక జనం పారిపోయారు. 1913లో సుమారు పద్నాలుగు వేలమందితో ఫ్యాక్టరీ నడపడానికి ఏడాదిలో యాభైరెండు వేలమందిని చేర్చుకోవలసి వచ్చింది! యంత్రం ఇంత గొప్పగా కుదిరాక దాని ముందు మనిషి నిలవడం లేదన్నమాట.

దానికి జవాబే 1914 జనవరి 5 నాటి ప్రకటన. రోజుకు 2 డాలర్ల 34 సెంట్లుగా ఉన్న కూలి అయిదు డాలర్లయింది. పని తొమ్మిది గంటల నుంచి ఎనిమిది గంటలకు తగ్గింది. దేశం నివ్వెరపోయింది. తోటి యజమానులు ఇతనికి మతిపోయిందన్నారు. మర్నాటి నుంచే ఎముకలు కొరికే చలిలో వేలమంది గేటు ముందు మూగారు. ఉద్యోగాలు లేవంటే కదలరు. ఆఖరికి తోపులాట జరిగి, గడ్డకట్టే ఆ చలిలో జనం మీద గొట్టాలతో నీళ్ళు కొట్టారు. అయిదు డాలర్ల కథ చెప్పేవాళ్ళు ఈ నీళ్ళ సంగతి సాధారణంగా చెప్పరు.

ఇంకో సంగతీ ఉంది. ఆ అయిదు డాలర్లూ కూలి కాదు. దాదాపు సగం లాభంలో వాటా. అది రావాలంటే మనిషి యోగ్యుడై ఉండాలి. యోగ్యుడో కాదో తేల్చడానికి కంపెనీ ఒక శాఖ పెట్టింది. దాని ఉద్యోగులు ఇంటికొచ్చి తాగుతావా, బ్యాంకులో ఎంత దాచావు, ఇల్లు శుభ్రంగా ఉందా, పరాయివాళ్ళను అద్దెకు పెట్టుకున్నావా అని ఆరా తీసేవారు. మొదట్లో ఆడవాళ్ళకు ఈ కూలి లేదు. వలస వచ్చినవాళ్ళు పని అయ్యాక కంపెనీ బడిలో ఇంగ్లీషు నేర్చుకోవాలి. అయితే న్యాయంగా చెప్పాలంటే, అంగవైకల్యం గలవారినీ, జైలు నుంచి వచ్చినవారినీ, నల్లవారినీ ఆ రోజుల్లో మరే కారు కంపెనీ చేర్చుకోనంతగా చేర్చుకున్నది కూడా ఫోర్డే. నల్లవారికి ఎక్కువగా దక్కింది కొలిమి దగ్గరి పని అన్నది వేరే మాట.

మీరే లెక్క వేసి చూడండి. 1908లో మోడల్-టి ధర 850 డాలర్లు. 2 డాలర్ల 34 సెంట్ల కూలితో అది 363 రోజుల కష్టం. 1916లో ధర 360 డాలర్లు. అయిదు డాలర్ల కూలితో డెబ్బైరెండు రోజులు. కారు చేసినవాడే కారు కొనగలిగే రోజు వచ్చింది. కంపెనీ వార్షిక లాభమూ రెండేళ్ళలో రెట్టింపయింది. ఫోర్డు పుణ్యాత్ముడా, లెక్కల మనిషా అని తగాదా పడేవాళ్ళకు ఆయనే జవాబు చెప్పాడు. అది దానం కాదు, వ్యాపారంలో తాను చేసిన ఖర్చు తగ్గింపుల్లో అంత మంచిది మరొకటి లేదని ఆయన భావం.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. దేశమంతా తన మాట వింటోందని తెలిశాక ఫోర్డుకు అన్ని విషయాల మీదా మాట్లాడాలనిపించింది. 1915 డిసెంబరులో, ఐరోపా యుద్ధం ఆపిస్తానని ఒక ఓడ అద్దెకు తీసుకుని శాంతికాముకులతో నార్వే వెళ్ళాడు. పత్రికలు నవ్వాయి. ఓడలోనే జలుబు చేసి, కొద్దిరోజులకే తిరిగొచ్చాడు. నవ్వుకున్నా సరే, యుద్ధం ఆపాలని సొంత డబ్బు ఖర్చుపెట్టిన కోటీశ్వరులు ఎందరున్నారు? 1918లో సెనేటుకు నిలబడి కొద్ది తేడాతో ఓడాడు. తనను హేళన చేసిన చికాగో పత్రిక మీద పరువునష్టం దావా వేస్తే, 1919లో బోను ఎక్కించి చరిత్ర ప్రశ్నలడిగి నవ్వులపాలు చేశారు. కేసు గెలిచాడు. నష్టపరిహారం ఆరు సెంట్లు! అదే ఏడాది డాడ్జ్ సోదరులు డివిడెండ్ల కోసం వేసిన దావాలో ఓడిపోయి, కోపంతో వాటాదారులందరి వాటాలూ సుమారు 10 కోట్ల 60 లక్షల డాలర్లకు కొనేశాడు. ఆనాటి నుంచి ఆ మహాసంస్థలో ఆయనకు అడ్డుచెప్పేవాడు లేకుండా పోయాడు. ఆయన పతనానికి నేను అక్కడే బీజం చూస్తాను.

1920 మే నెల నుంచి ఆయన సొంత పత్రిక ‘డియర్‌బార్న్ ఇండిపెండెంట్’ వారం వారం యూదుల మీద అభాండాలు వేసింది. ప్రపంచంలోని అనర్థాలన్నిటికీ వారి కుట్రే కారణమని రాసింది. ఆ వ్యాసాలు పుస్తకాలై, జర్మన్‌లోకి కూడా వెళ్ళాయి. హిట్లర్ తన గ్రంథంలో ఫోర్డును మెచ్చుకున్నాడు. 1927లో ఒక యూదు న్యాయవాది వేసిన పరువునష్టం దావాలో ఇరుక్కున్నాక, తన పత్రికలో ఏముందో తాను చూసుకోలేదన్న సాకుతో ఫోర్డు పేరిట క్షమాపణ వెలువడింది. పత్రిక మూసేశారు. నిజంగా పశ్చాత్తాపపడ్డాడా? 1938లో తన డెబ్బైఅయిదో పుట్టినరోజున హిట్లర్ ప్రభుత్వం పంపిన పతకాన్ని మెడలో వేయించుకున్నాడు. తిరిగి ఇచ్చెయ్యమని ఎందరు మొత్తుకున్నా ఇవ్వలేదు. ఫోర్డు అభిమానులు ఈ భాగం చెప్పేటప్పుడు కాలధర్మం అంటూ దాటవేస్తారు. అదే కాలంలో అదే అమెరికాలో దాన్ని తప్పన్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఆ సమర్థన నిలవదు.

కారు విషయంలోనూ అదే మొండితనం. జనరల్ మోటార్సు వాళ్ళు రంగురంగుల కార్లు, వాయిదాల పద్ధతి, ఏటేటా కొత్త నమూనాలతో ముందుకొస్తుంటే, మోడల్-టిని మార్చాలన్న మాటే వినడు. కొడుకు ఎడ్సెల్ పేరుకు కంపెనీ అధ్యక్షుడు. నెమ్మదైనవాడు, కళాదృష్టి గలవాడు, మార్పు కావాలన్నవాడు. పదిమంది ముందు తండ్రి అతని మాట కొట్టిపారేసేవాడు. చివరికి అమ్మకాలు పడిపోయాక, 1927 మే నెలలో కోటీ యాభై లక్షల కార్లు పూర్తిచేసి మోడల్-టిని ఆపారు. కొత్త నమూనా సిద్ధంగా లేదు. ఫ్యాక్టరీ నెలల తరబడి మూతపడి వేలమంది వీధిన పడ్డారు. ఆ డిసెంబరులో వచ్చిన మోడల్-ఎ అందం చాలావరకు ఎడ్సెల్ చలవే.

అప్పటికి రూజ్ నదీతీరాన మహా కర్మాగారం లేచింది. ఒకవైపు ఇనుప ఖనిజం, బొగ్గు దిగితే ఇంకోవైపు కార్లు బయటికి నడిచేవి. లక్షమందికి పైగా పనిచేసేవారు. అక్కడ క్రమశిక్షణ హ్యారీ బెన్నెట్ అనే మాజీ నావికుడి చేతిలో పెట్టాడు. అతని బలగంలో మల్లయోధులు, మాజీ ఖైదీలు. పనిలో పక్కవాడితో మాట్లాడినా నేరమే. 1932 మార్చి 7న ఆర్థిక మాంద్యంలో పనులు పోయిన వేలమంది ఊరేగింపుగా రూజ్ గేటుకు వస్తే పోలీసులు, బెన్నెట్ మనుషులు కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే చనిపోయారు, మరొకడు తర్వాత పోయాడు. 1937 మేలో కరపత్రాలు పంచడానికి వచ్చిన యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్‌నూ సహచరులనూ ఫ్యాక్టరీ ముందు వంతెన మీద చితకబాదారు. పత్రికలవాళ్ళ ఫొటోలు దేశమంతా చూసింది. మిగతా రెండు పెద్ద కంపెనీలు యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నా ఫోర్డు నాలుగేళ్ళు ససేమిరా అన్నాడు. 1941 ఏప్రిల్ సమ్మె తర్వాత కూడా ఫ్యాక్టరీ మూసేస్తాననే కూర్చున్నాడు. నెత్తురు పారితే నేను ఇల్లు వదిలిపోతానని క్లారా తేల్చిచెప్పిందనీ, అప్పుడు దిగొచ్చాడనీ సోరెన్సెన్ తర్వాత చెప్పాడు. జూన్‌లో సంతకం పెట్టాడు. విచిత్రమేమిటంటే, తోటి కంపెనీలేవీ ఇవ్వనంత ఉదారమైన షరతులకు ఒప్పుకున్నాడు. అయిదు డాలర్ల ఫోర్డు ఒక్క క్షణం మళ్ళీ కనిపిస్తాడు అక్కడ.

ఆ తర్వాత మన దేశం నుంచి ఆయనకొక కానుక వెళ్ళింది. గాంధీగారు తన సంతకంతో ఒక చరఖా పంపించారు. అందుకున్నది గ్రీన్‌ఫీల్డ్ గ్రామంలో. చరిత్ర అంతా చెత్త అని ఒకప్పుడు తీసిపారేసిన మనిషే పాత ఇళ్ళు, పాత వర్క్‌షాపులు, ఎడిసన్ ప్రయోగశాలతో సహా పెకలించి తెచ్చి అక్కడ నిలబెట్టి, 1929లో తెరిచిన ప్రదర్శనశాల అది. తన కార్లు తుడిచిపెట్టిన పల్లెటూరిని తానే కొనితెచ్చుకున్నాడు. కోటిన్నర కార్లు చేసిన చేతులు ఆ చరఖాను అందుకున్నాయి.

1943 మే 26న ఎడ్సెల్ కడుపు క్యాన్సరుతో కన్నుమూశాడు. అతనికి నలభైతొమ్మిదేళ్ళు. ఎనభయ్యో పడిలో, మతిమరుపుతో, తండ్రే మళ్ళీ అధ్యక్షుడయ్యాడు. యుద్ధ విమానాలు చేస్తున్న కంపెనీ ఏమైపోతుందోనని ప్రభుత్వమే కంగారుపడింది. ఎడ్సెల్ భార్య, క్లారా కలిసి పట్టుబట్టాక 1945లో మనవడు రెండో హెన్రీకి పగ్గాలు వదిలాడు. మనవడు మొదట చేసిన పనుల్లో ఒకటి బెన్నెట్‌ను ఇంటికి పంపడం.

ఎడ్సెల్ 1936లో ఇరవైఅయిదు వేల డాలర్లతో మొదలుపెట్టిన ఫోర్డ్ ఫౌండేషన్‌కు తర్వాత కుటుంబపు వాటాల్లో పెద్దభాగం చేరింది. మన పశ్చిమ గోదావరి జిల్లా పెద్దరైతులకు గుర్తుండే ‘ప్యాకేజి ప్రోగ్రాం’, అంటే 1960-61 నాటి సాంద్ర వ్యవసాయ పథకం, ఆ ఫౌండేషన్ సాయంతో దేశంలో మొదట ఏడు జిల్లాల్లో పెట్టినదే. విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ ఒక్కసారిగా రైతు గుమ్మంలోకి తెచ్చిన పథకం. కంపెనీ కార్లు మాత్రం మన దేశంలో అంతగా నిలదొక్కుకోలేదు. 1926లో వచ్చి 1950లలో వెళ్ళింది, 1995లో మళ్ళీ వచ్చి 2021లో ఇక్కడి తయారీకి స్వస్తి చెప్పింది.

1947 ఏప్రిల్ 7. రూజ్ నదికి వరదొచ్చింది. ఫోర్డు ఇంటికి కరెంటిచ్చే సొంత పవర్‌హౌసు ఆ నది మీదే ఉంది. నీళ్ళు ముంచెత్తి అది ఆగిపోయింది, టెలిఫోన్లు పనిచేయలేదు. ఆ రాత్రి కొవ్వొత్తులు, కిరసనాయిలు దీపాల వెలుతురులో, క్లారా పక్కనుండగా, ఎనభైమూడో ఏట ఆయన ప్రాణం పోయింది. డాక్టరు కోసం డ్రైవరు కారు వేసుకుని టెలిఫోను ఉన్నచోటు వెతుక్కుంటూ పోయాడు. తర్వాత గ్రీన్‌ఫీల్డ్ గ్రామంలో ఉంచిన పార్థివదేహాన్ని సుమారు లక్షమంది వరసకట్టి చూశారు. ఆ వరసలో రూజ్ కార్మికులు చాలామంది ఉన్నారు.